నీళ్లు లేని మడుగు

తెలుగునాట బడి వార్షికోత్సవానికి దుర్యోధనుడు రాకుండా ఉండడు. గ్రూపు డాన్సులకూ బహుమతుల పంపకానికీ మధ్య ఎక్కడో, అట్టకిరీటం పెట్టుకుని, బంగారు కాగితం చుట్టిన గద భుజాన వేసుకుని ఒక కుర్రాడు వేదిక ఎక్కుతాడు. మయసభ ఏకపాత్రాభినయం. ఎనిమిది నిమిషాలు, మహా అయితే పది. చిన్నప్పటి నుంచి ఎన్ని చూశానో లెక్క లేదు. అయితే ఒకటి తయారవుతుండగా, మొదటి రోజు నుంచి చివరిదాకా, పక్కన కూర్చుని చూసింది ఒక్కసారే. మా ఊరి హైస్కూల్లో తెలుగు మాస్టారు ఒకాయన తొమ్మిదో తరగతి కుర్రాడికి నేర్పుతుంటే రోజూ సాయంత్రం వరండా గట్టు మీద కూర్చునేవాణ్ణి. ఒంటరిగా నిలబడి మాట్లాడే పాత్ర ఎలా ప్రాణం పోసుకుంటుందో అక్కడ చూశాను.

ఈ ఘట్టం ఇంతమంది నోట నానడానికి కారణం 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’. దర్శకుడు ఎన్.టి. రామారావు, కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఆయనే. మాటలు కొండవీటి వెంకటకవి. పాండవుల మయసభలో మడుగులో పడి, ద్రౌపది నవ్వుతో భంగపడ్డ రారాజు ఆక్రోశాన్ని మన పిల్లలు యాభై ఏళ్లుగా బట్టీపట్టి చెబుతూనే ఉన్నారు. బట్టీపట్టడం వల్ల మనం దాని గాంభీర్యానికి చప్పట్లు కొడతాం గానీ, దాని కట్టుబడిని చూడం. చూడాల్సింది అదే.

మొదటి మాటే నవ్వు గురించి. పడిపోవడం, లేవడం, తడిసిన బట్టలు, ఇవేవీ కావు. అప్పటికి నవ్వు ఆగిపోయింది, నవ్విన మనిషి ఎదురుగా లేదు. అయినా అది అతని చెవుల్లో ఇంకా మోగుతోంది. అక్కడ మొదలుపెట్టాడు కవి. తర్వాత వంశం ఎత్తుకున్నాడు. చంద్రవంశం దగ్గర్నుంచి వందమంది తమ్ముళ్ల దాకా సమాసం మీద సమాసం పేర్చుకుంటూ, మెట్టు మీద మెట్టు ఎక్కించుకుంటూ పోయి, అంత ఎత్తు నుంచి ఒక్కసారిగా చిన్న సంగతి మీదికి తోసేస్తాడు: అంతటి నన్ను చూసి ఒక ఆడది నవ్వింది. ఆ సమాసాల పొడవు పాండిత్య ప్రదర్శన కాదు. కాలు జారిన మనిషి వాక్యంలో మళ్లీ జారుతున్నాడు. ఎక్కిన ఎత్తును బట్టే దెబ్బ.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు. అంత సంస్కృతం మధ్య, అంత రాజసం మధ్య, ‘బావ’ అన్న వరస వస్తుంది. ద్రౌపది భర్తలతో సమానుణ్ణి కదా, బావగారూ అని పలకరించి మర్యాద చేయాల్సిన మనిషి గదా అని వాపోతాడు. అక్కడ సార్వభౌముడు మాయమైపోతాడు. పెళ్లింట్లో తనను ఎవరూ కూర్చోమనలేదని ముఖం ముడుచుకున్న పెద్దమనిషి బయటపడతాడు. మనందరికీ తెలిసిన మనిషి. ఆ ఒక్క వరస లేకపోతే ఈ ఆక్రోశం ఇన్నేళ్లు నిలిచేది కాదని నా నమ్మకం.

ఆపైన తన అడుగుల్ని తానే వెనక్కి వెతుక్కుంటాడు. ఒక్కో అడుగు దగ్గరా ఆగి ఎందుకు వేశానని అడుగుతాడు, వేశాలే అని ఒప్పుకుంటాడు, మరుక్షణం తర్వాతి అడుగు దగ్గరికి పోతాడు. యాగం, విడిది, సభ చూడాలన్న కోరిక, మడుగు, జారిన పాదం. ఒక్కో మెట్టూ దిగుతూ మళ్లీ ఎక్కడికి చేరతాడు? ద్రౌపది అప్పుడే అక్కడికి రావడం దగ్గరికి, ఆ నవ్వు దగ్గరికి. మొదలుపెట్టిన చోటికే. ఇంతసేపు మాట్లాడినా ఆ నవ్వు నుంచి ఒక్క అంగుళం కదల్లేకపోయాడు. మనసుకు ముల్లు గుచ్చుకున్న మనిషి ఆలోచన సరిగ్గా ఇలాగే తిరుగుతుంది.

దీనికి విత్తనం వ్యాసుడి దగ్గరే ఉంది. సంస్కృత భారతం సభాపర్వంలో ఈ కథ రెండుసార్లు వస్తుంది. మొదటిసారి కథకుడు చెబుతాడు. దుర్యోధనుడు స్ఫటికపు నేలను నీళ్లనుకుని బట్టలు ఎగదోపుకున్నాడు, తర్వాత నిజమైన నీళ్లను నేలనుకుని పడ్డాడు, నౌకర్లు నవ్వారు, భీముడు, అర్జునుడు, కవలలు నవ్వారు. రెండోసారి దుర్యోధనుడే తండ్రికి చెప్పుకుంటాడు. అందులో కృష్ణుడు నవ్వాడు, ద్రౌపది ఆడవాళ్లందరితో కలిసి నవ్వింది. కథకుడి లెక్క ప్రకారం కృష్ణుడు అప్పటికే ద్వారక వెళ్లిపోయాడు! లేని మనిషి నవ్వు కూడా అతనికి వినిపించింది. గోడకు నుదురు కొట్టుకున్నప్పుడు కవలలు అయ్యో అని వచ్చి పట్టుకోవడం, సహదేవుడు ద్వారం ఇటు అని మళ్లీ మళ్లీ చెప్పడం కూడా గుర్తుపెట్టుకున్నాడు. వాళ్ల జాలి కూడా అతనికి గాయమే. పాత్ర నోట కథ చెప్పించడమంటే ఇది. జరిగినది వేరు, అతనికి తగిలినది వేరు. తగిలినదే రాయాలి.

మా మాస్టారు ఈ సంగతి కుర్రాడికి చెప్పలేదు. చేయించాడు. మొదటి వారం డైలాగు ముట్టుకోనివ్వలేదు. పదో తరగతి అమ్మాయి ఒకర్తిని మేడ మీద వరండాలో మూడో స్తంభం దగ్గర నిలబెట్టి, కుర్రాడు కింద నడుస్తుంటే నవ్వమన్నాడు. రెండు రోజులు నవ్వించాడు. మూడో రోజు ఆ అమ్మాయిని పంపేశాడు.

“ఇప్పుడు విను” అన్నాడు.

“ఎవరూ లేరు కదండీ.”

“అందుకే వినమంటున్నా.”

కుర్రాడు చటుక్కున తలెత్తి చూశాడు. తప్పు, అన్నాడాయన. రాజు అంత తొందరగా తిరగడు. ముందు చెవి వింటుంది. విన్నది మనసు నమ్మదు. తర్వాత కళ్లు కదులుతాయి, ఆ తర్వాతే మెడ. మూడు అంకెలు లెక్కపెట్టుకో. చూసేది మాత్రం మూడో స్తంభమే, ఈ రోజూ రేపూ కూడా. ఏకపాత్ర చేసే పిల్లలు ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పాంచాలిని ఒకసారి కుడివైపు తిడతారు, ఒకసారి ఎడమవైపు, ఇంకోసారి నేరుగా జడ్జీల వైపు. ఆమె ఎక్కడుందో నటుడికే తెలియనప్పుడు మనకెలా కనపడుతుంది?

ఆంగికం, అంటే ఒంటితో చేసే అభినయం దగ్గర ఆయన పనితనం చూసి నాకు చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది. పొడి నేలను నీళ్లనుకుని కుచ్చిళ్లు ఎత్తి, కాలు ఆనించి, నేలేనని తెలిశాక కుర్రాడు చుట్టూ ఒకసారి చూడాలి, ఎవరైనా చూశారా అని. ఎవరూ లేరు. చిన్నగా నవ్వుకుని, ఇక నాకు తెలిసిపోయిందిలే అన్న ధీమాతో గబగబా నడవాలి. ఆ ధీమా మీదే మడుగు. పడ్డాక చెయ్యి ఎక్కడికి పోవాలి? కుర్రాడు సహజంగానే తడిసిన బట్టలు పిండుకున్నాడు. మాస్టారు తల అడ్డంగా ఊపి, “కిరీటం, కిరీటం” అన్నాడు. ఆ చెయ్యి ముందు కిరీటం పట్టుకోవడంతో ఆ పిల్లవాడు ఒక్కసారిగా రారాజైపోయాడు.

వాచికానికి, అంటే మాటకు, మరో దారి. సమాసాలు చెప్పించే ముందు అదే సంగతిని ఇంట్లో మాటల్లో చెప్పమన్నాడు. “మీ పెదనాన్న ఇంట్లో పెళ్లిలో నిన్ను చూసి నవ్వారనుకో. మీ అమ్మ దగ్గరికొచ్చి ఏమంటావు?” కుర్రాడు కాసేపు సిగ్గుపడి, “నన్ను పిలిచి మరీ నవ్వారే అంటానండీ” అన్నాడు. “ఆ మాటే లోపల పెట్టుకుని పైన ఆ సంస్కృతం తొడుక్కో.” పుస్తకంలో పెన్సిలుతో గీతలు పెట్టించాడు, ఊపిరి తీసుకునే చోట్లు. సమాసం మధ్యలో ఊపిరి తెగితే వంశం తెగినట్టే. భ, ఘ, ధ లాంటి ఒత్తక్షరాలు పొట్టలోంచి రావాలి. కేకలు మాత్రం వద్దన్నాడు. అందరూ మొదటి మాటకే గొంతు చించుకుంటారు, చివరి మెట్టుకొచ్చేసరికి మిగిలేది దగ్గే. బావ అన్న మాట దగ్గర గొంతు బాగా దించమన్నాడు. అది అతను ఎవరికీ వినపడకూడదనుకునే మాట.

ఒంటరి నటుడు కనపడని వాళ్లతో మాట్లాడడం మనకు కొత్త కాదు. సంస్కృత నాటకశాస్త్రం చెప్పిన పది రూపకాల్లో భాణం ఒకటి. ఒక్కడే నటుడు, ఎక్కువగా విటుడు, వీధిలో నడుస్తూ ఆకాశం కేసి మాట్లాడతాడు. అవతలివాడు ఏమన్నాడో అడిగి, తనే తిరిగి చెప్పి, దానికి జవాబిస్తాడు. ఆకాశభాషితం అని దానికి పేరు. అలాంటి ప్రాచీన భాణాలు నాలుగింటిని ‘చతుర్భాణి’గా 1922లో ప్రకటించిన ఇద్దరిలో ఒకరు మన మానవల్లి రామకృష్ణకవి. భాణంలో విటుడు అవతలివాడి మాటను తిరిగి చెప్పి మనకు వినిపిస్తాడు. మయసభ ఏకపాత్రలో ఆ సదుపాయం కూడా లేదు. నవ్వును తిరిగి చెప్పడమెలా? నటుడి ముఖం మీద పడ్డ దాన్ని బట్టి మనం వినాలి, అంతే.

ఒంటరి మాటకు ఇంత బరువైన భాషే కావాలనీ లేదు. గురజాడ ‘కన్యాశుల్కం’ తెర లేవగానే బొంకులదిబ్బ మీద గిరీశం ఒక్కడే ఉంటాడు. పూటకూళ్లమ్మ సామాన్లకిచ్చిన ఇరవై రూపాయలు ఎలా ఖర్చయ్యాయో వాడుక మాటల్లో తనలో తాను చెప్పుకుంటాడు. దుర్యోధనుడు దాచలేక బయటపడతాడు, గిరీశం దాచాల్సిన అవసరమే లేదనుకుని బయటపడతాడు. రెంటిలోనూ పాత్ర తన గురించి తాననుకున్నదాని కంటే ఎక్కువ చెప్పేస్తుంది. ఆ ఎక్కువే రచయిత పనితనం.

వార్షికోత్సవం రోజు రానే వచ్చింది. స్టాండు మైకు ఒక్కటే, అది వేదిక మధ్యలో. దూరం పోతే మాట వినపడదు. మాస్టారు మడుగును మైకుకు రెండడుగుల ఎడంగా పెట్టించాడు. పడి లేచి రెండడుగులు వేస్తే మైకు దగ్గరికి వస్తాడు, తడిసిన మనిషి ఒడ్డుకు వచ్చినట్టు. ఆ అవసరాన్ని కూడా అభినయంలో కలిపేశాడు. పిల్లల ఈలలు, వెనక పకోడీల బండి చప్పుడు, మధ్యలో మైకు కీచుమనడం. కుర్రాడు సభను చూసి ఆశ్చర్యపోయాడు, కుచ్చిళ్లు ఎత్తాడు, చుట్టూ చూశాడు, నవ్వుకున్నాడు. పడ్డాడు. చెయ్యి కిరీటానికి పోయింది.

తర్వాత ఏమీ అనలేదు. మూడు అంకెలు. కళ్లు లేచాయి, మెడ తిరిగింది, ఇక్కడ మూడో స్తంభానికి బదులైన, బడి వెనకున్న నీళ్ల ట్యాంకు వైపు. ముందు వరసల్లో కూర్చున్న చిన్నపిల్లలు కొందరు వెనక్కి తిరిగి ట్యాంకు మీదికి చూశారు. అప్పుడు మాస్టారి ముఖం చూడాల్సింది.

మిగతాది బాగానే సాగింది. ఒక సమాసం దగ్గర ఊపిరి చాలలేదు, సర్దుకున్నాడు. బావ అన్న చోట గొంతు దించాడు, వెనక వరసల వాళ్లకు వినపడి ఉండదు. చివరి మెట్టు దిగి, నవ్వు దగ్గరికి మళ్లీ వచ్చి, కాసేపు ట్యాంకు కేసి చూసి, గద తీసుకుని బయల్దేరాడు. వేదిక ఎడమపక్కకు నేరుగా నడిస్తే నాలుగడుగులు. కానీ మధ్యలో ఆగి, ఒక్కచోట మాత్రం చుట్టూ తిరిగి వెళ్లాడు.

అది మాస్టారు నేర్పింది కాదు. తెర వెనక కిరీటం విప్పుతూ ఆయనే అడిగాడు, అలా ఎందుకు చుట్టు తిరిగావురా అని.

“అక్కడ నీళ్లున్నాయి కదండీ” అన్నాడు వాడు.