భామకు మాధవి ఏదీ?

కూచిపూడి మేళమంటే ఒకప్పుడు అందరూ మగవాళ్లే. సత్యభామ కూడా మగవాడే! చింతా వెంకటరామయ్యగారి వెంకటరామ నాట్యమండలి రోజులనుంచీ అదే వరస. వేదాంతం సత్యనారాయణ శర్మగారు భామగా నడిచొస్తుంటే ఆడవాళ్లకే అసూయ పుట్టేదంటారు.

తరవాత మేళంలో మనుషులు మారారు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఆడపిల్లలకు ఈ విద్య నేర్పారు. 1963లో వెంపటి చినసత్యంగారు మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. శర్మగారూ, చినసత్యంగారూ 2012లోనే వెళ్లిపోయారు. ఇవాళ వీధికో భామ! సంతోషమే.

నా బెంగల్లా ఒక్కటే. భామాకలాపంలో సూత్రధారుడే భామ దగ్గర మాధవి, కృష్ణుడి దగ్గర మాధవుడు. ఆవిడ గొప్పలు చెప్పుకుంటే ఆటపట్టిస్తాడు, విరహపడితే ఓదారుస్తాడు, ఉత్తరం మోస్తాడు. వెనక మృదంగం, తాళం, వంతపాట. భామ ఒక చూపు దగ్గర నిలిచిపోతే వాళ్లూ నిలుస్తారు. ఇప్పుడు చాలా వార్షికోత్సవాల్లో పిల్ల ఒక్కతే, రికార్డు పాట ఒకటి. ఆ పాట ఎవరికోసమూ ఆగదు. ఏమ్మా అని అడగదు.

ఎదురు మాట్లాడేవాళ్లు లేనిదే సత్యభామ పొగరు ఎవరిమీద చూపిస్తుంది చెప్పండి? మగవాళ్ల మేళంలోకి మన పిల్లలు అడుగుపెట్టారు, బాగుంది. తీరా వచ్చేసరికి మేళమే లేకపోతే ఎలా? మీ అమ్మాయి రంగప్రవేశానికి నగల ఖర్చు కాస్త తగ్గించి, ఒక మృదంగాన్నీ, ఒక గొంతునీ, వీలైతే ఒక మాధవినీ పిలవండి.