నీటి దారెరిగిన గని దిబ్బలు

అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో, ఫార్మింగ్టన్‌కు ఉత్తరంగా, కొలరాడో సరిహద్దు దగ్గర లా ప్లాటా అనే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని ఉండేది. తవ్విన నేలను దాదాపు మునుపటి ఆకారానికి తేవాలని అక్కడ 1977 నుంచీ చట్టం ఉంది. లా ప్లాటాలో ఆ పనిని చట్టం కోసం చేసినట్టుండదు. గని సంగతి తెలియనివాళ్లు చూస్తే అక్కడ పోసిన గుట్టలు అనాదిగా ఉన్నవే అనుకుంటారు. మట్టి పని చేసేవాళ్లకు ఇంతకు మించిన మెప్పు లేదు.

గని మట్టిని పోసే మామూలు డంపు ఎలా ఉంటుందో సింగరేణి ప్రాంతంవాళ్లకు చెప్పనక్కర్లేదు. మెట్లు మెట్లుగా, పైన చదునుగా ఉంటుంది. మెట్టు మీది నీటిని పక్కకు మళ్లించి కాలువ గుండా కిందికి దించుతారు. కాగితం మీద బాగానే ఉంటుంది. కానీ పోసిన మట్టి ఏళ్ల తరబడి కుంగుతుంది, అదీ అంతటా ఒక్కలా కాదు. కుంగిన చోట నీళ్లు నిలుస్తాయి, గట్టు తెగుతుంది, ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది మెట్టు మీద పడతాయి. అక్కడా గండే. సోడియం ఎక్కువున్న మట్టైతే తడవగానే చెదిరి లోపల్లోపలే బొరియలు పడతాయి. పైకి గండి కనిపించేసరికి లోపలంతా డొల్ల.

లా ప్లాటాలో వాడిన పద్ధతి జియోఫ్లూవ్. నికొలస్ బుగోష్ దీన్ని రూపొందించాడు. మొదట కొలతలు తీస్తారు. అదే వాతావరణంలో, అలాంటి మట్టి మీదే నిలదొక్కుకున్న సహజమైన గుట్టల్ని వెతుకుతారు. ఎంత నేలకు ఎంత పొడవు వాగులున్నాయి, మిట్ట నుంచి ఎంత దూరాన వాగు మొదలవుతోంది అని చూస్తారు. 2 ఏళ్లకోసారి వచ్చే గంట వానను బట్టి వాగు గర్భాన్నీ, 50 ఏళ్లకోసారి వచ్చే 6 గంటల వానను బట్టి వరద పారే మేరనూ నిర్ణయిస్తారు.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చింది వాలు. మిట్ట దగ్గర అది తాబేలు వీపులా ఉబ్బి ఉంటుంది, దిగేకొద్దీ లోపలికి వంగి చదునవుతుంది. పైన నీళ్లు తక్కువ, కిందికి వచ్చేకొద్దీ పోగవుతాయి. నీటికి కోసే బలం వచ్చేది దాని పరిమాణం, వాలు రెండూ కలిసినప్పుడే. నీళ్లు పెరిగే చోట వాలు తగ్గిస్తే ఆ బలం హద్దు దాటదు. సూటి వాలుకు ఈ వెసులుబాటు లేదు. వాగుల్లోనూ ఇదే నేర్పు. 4 శాతం కన్నా ఏటవాలుగా దిగే వాగును వంకరటింకరగా నడిపిస్తారు. ప్రతి మలుపులోకీ ఒక చిన్న మిట్ట చొచ్చుకొస్తుంది. వాలు అంతకన్నా తక్కువైతే వెడల్పాటి మెలికలు తిప్పుతారు. వాన ఎక్కడ పడ్డా కొద్ది దూరంలోనే వాగు దొరుకుతుంది కాబట్టి నీరు వాలు మీద బలం పుంజుకోదు.

మొక్కలకూ మేలే. తడి పల్లంలో ఒక రకం, పొడి మిట్ట మీద మరో రకం పెరుగుతాయి. పైమట్టిని నున్నగా చేయకుండా గరుకుగా వదిలితే విత్తనమూ నీటిచుక్కా ఆగుతాయి.

ఇలాంటి గుట్టలో ఒక్క సరళరేఖ కూడా ఉండదు. ఆ వంపులన్నీ నేల మీదికి తేవాల్సింది డోజరు ఆపరేటరే. నేడు బ్లేడుకు జీపీఎస్ అమర్చి, డిజైనును క్యాబిన్‌లోని తెర మీద చూపిస్తున్నారు. అయినా ఎంత చెక్కాలో, ఎక్కడ ఆపాలో ఆ చేతికే తెలియాలి. గీసిన ఇంజినీరుతో సమానంగా ఆ ఆపరేటరుకూ పేరు దక్కాలి.

ఇబ్బంది లేకపోలేదు. అంతే మట్టికి ఈ ఆకారం ఎక్కువ స్థలం అడుగుతుంది. డంపు పోశాక మార్చాలంటే ఖర్చు కూడా ఎక్కువే. గని తవ్వేటప్పుడే ఏ లోడు ఎక్కడ పోయాలో అనుకుంటే చాలా కలిసొస్తుంది.

గోదావరి తీరాన కురిసే వానలు న్యూమెక్సికో వానలు కావు, అక్కడి అంకెలు ఇక్కడ పనికిరావు. కొలిచే పద్ధతి మాత్రం పనికొస్తుంది. మన ఓపెన్‌కాస్టుల్లో కొత్తగా పోయబోయే ఒక్క డంపునైనా, దగ్గరి గుట్టల్నీ వాగుల్నీ కొలిచి ఇలా కట్టి చూడాలని మన గని ఇంజినీర్లను కోరుతున్నాను.