దగ్గు ఆగిన పిమ్మట

భోజనవేళ ఎవరికైనను పొలమారినచో, ఎవరో తలచుకొనుచున్నారని నడినెత్తిని తట్టుట మన యిండ్లలో చిరకాలముగా నున్న ఆచారము. అందలి వాత్సల్యమును నేను కాదనను. కాని వేరుసెనగపప్పు నోట వేసికొని పరుగెత్తు రెండేండ్ల బిడ్డ హఠాత్తుగా పొలమారి, ముఖము కందిపోవునట్లు దగ్గి, కొంతసేపటికి ఏమియు జరుగనట్లు మరల ఆటలో పడెనేని, పెద్దలకు ఊరట గొలుపు ఆ శాంతియే పిల్లల వైద్యుడనైన నాకు భయకారణము. ఏలయన గింజ బయటికి రాకున్నను, శ్వాసనాళము దానికి అలవాటుపడగనే దగ్గు అణగిపోవును. ఆ మౌనము గంటలుండవచ్చును, వారములుండవచ్చును. పిదప పిల్లికూతలు బయలుదేరును, ఒకేచోట మరల మరల నెమ్ము చేయును, ఉబ్బసమని మందులు సాగును.

ఉబ్బసమైనచో కూత సాధారణముగా రెండు ప్రక్కలను వినవచ్చును. అందుచేత స్టెతస్కోపును కుడి యెదపై నుంచిన తావునకు సరిగా ఎడమ యెదపైనను ఉంచి, మెట్టుమెట్టుగా దిగుచు, ఏడ్చు బిడ్డ రెండేడ్పుల నడుమ తీయు దీర్ఘశ్వాసముకొరకు ఓపికతో కాచుకొని, ఒక ప్రక్క గాలిచప్పుడు సన్నగిల్లినదా యని పోల్చి చూచుట ఈ వృత్తిలో నాకు మిక్కిలి ప్రియమైన పని. వేరుసెనగ ఎక్స్‌రేలో కానరాదు. లోనికి మాత్రమే తెరచుకొను తలుపువలె అది గాలిని పోనిచ్చి రానీయకుండుటచే, ఆ ప్రక్క ఊపిరితిత్తి ఉబ్బియుండుట మాత్రము ఒక్కొక్కప్పుడు కనబడును. చిత్రము నిర్దోషముగా నున్నంతమాత్రమున గింజ లేదనరాదు.

కావున అన్నిటికంటె విలువైనది ఒక ప్రశ్న: “ఏమైనా తింటూ పొలమారిందా అమ్మా?” తల్లి లేదనును, ఆమె వెనుక నిలిచిన నాయనమ్మ, “పండగనాడు పప్పుండ తింటూ ఉక్కిరిబిక్కిరయ్యాడండీ, తడితే తగ్గింది” అనును. ఆ మాటతో దారి తెలియును. 1897లో జర్మనీయందలి ఫ్రైబుర్గ్‌లో గుస్టావ్ కిలియన్ అను వైద్యుడు ఒక రైతు శ్వాసనాళమునుండి ఎముకముక్కను గొట్టముద్వారా తీసెను. నేడును అట్టి గొట్టమైన బ్రాంకోస్కోపుతో గింజను తీయుటయే చికిత్స.

బిడ్డ దగ్గలేక, ఏడ్వలేక, పెదవులు నీలమగు ఘడియ వేరు. అప్పుడు నెత్తి తట్టరాదు, నోట గ్రుడ్డిగా వ్రేలు పెట్టరాదు. ఏడాదిలోపు శిశువునైనచో తల క్రిందుగా ముంజేతిపై బోర్లించి రెక్కల నడుమ 5 మారులు చరచి, పిదప వెల్లకిల త్రిప్పి ఱొమ్మునడుమ 5 మారులు నొక్కుచు, ఆసుపత్రికి కబురంపవలెను.

తల్లులారా, నాలుగేండ్లు నిండని బిడ్డకు వేరుసెనగను గింజ రూపమున పెట్టకుడు; ఎప్పుడైనను పొలమారియుండినచో, వైద్యుడు అడుగకున్నను ఆ సంగతి మొదట చెప్పుడు.