న్యూ ఆర్లియన్సు నగర చిత్రములు: వాని ప్రామాణ్యము

అమెరికా దక్షిణభాగమున మిసిసిపీ తీరమందలి న్యూ ఆర్లియన్సు నగరపు పాత ఛాయాచిత్రములను, తపాలా కార్డులను ఒకేతీరు సాక్ష్యముగ గ్రహించుట పొరపాటు.

జే డియర్బార్న్ ఎడ్వర్డ్సు 1858 మొదలు 1861 వఱకు ఆ రేవును, వీథులను పటములకెక్కించెను. నాడు ఫలకముపై వెలుతురు చాలసేపు పడవలసియుండెను గాన నిలిచినవారు స్పష్టముగను, నడచినవారు మసకగను తోతురు. పటమున శూన్యముగ నున్న వీథి నిజముగ నిర్జనమని నిశ్చయింపరాదు.

డెట్రాయిటు పబ్లిషింగ్ కంపెనీవారి వర్ణచిత్రముల తీరు వేఱు. మూలము నలుపు తెలుపుల ఫలకమే. రంగులు పిదప శిలాముద్రణమున చేరినవి. ఆ యాకాశపు నీలిమను బట్టి ఋతువును నిర్ణయించుట సాహసము. కాలనిర్ణయమునకు కార్డు ముఖముకంటె వీపే మేలు. 1907 మార్చి 1వ తేదీకి ముందు ఆ దేశమున వెనుకవైపు చిరునామాకే చెల్లెను. పంపువారు పటపుటంచున రెండు ముక్కలు గిలికెడివారు. తపాలాముద్ర యున్నను అది పంపిన దినమునే తెల్పును, పటము తీసిన దినమును గాదు.

నాకు మిక్కిలి కొఱతగ తోచునది శీర్షిక. పత్తిబేళ్లు, పొగయోడలు, కరకట్ట శీర్షికలకెక్కినవి. బేళ్ల నడుమనున్న నల్లవారికి సాధారణముగ జాతిపేరే కాని మనిషిపేరుండదు. ఎడ్వర్డ్సు నాటికి దేశమందలి బానిసల విపణులలో ఆ నగరమే పెద్దది. 1865లో దాస్యము రద్దయిన పిదపను కార్డులమీద వారు దృశ్యమునకు అలంకారములుగనే యుండిరి. పట్టికలు కూర్చువారు పాతశీర్షికను ఎత్తి వ్రాసి విడువక, పటమున నెందఱున్నారో, ఏ పనిలో నున్నారో దాని క్రింద చేర్పవలెను.