స్టౌట్: నలుపు వెనక రుచి

స్టౌట్ బీరును అంచనా వేయడం కంటితో మొదలవుతుంది. గ్లాసును దీపానికి ఎదురుగా ఎత్తి పట్టుకుంటే, అప్పటిదాకా కారునలుపుగా కనిపించిన బీరు అంచుల దగ్గర ముదురు కెంపు రంగులో మెరుస్తుంది. నల్లగా ఉంది కాబట్టి బరువైనదని, మత్తు ఎక్కువని చాలామంది అనుకుంటారు. కానీ పేరుపొందిన ఐరిష్ స్టౌట్ డ్రాఫ్ట్ గిన్నిస్‌లో ఆల్కహాల్ సుమారు 4.2 శాతమే. మన దుకాణాల్లో ‘స్ట్రాంగ్’ పేరుతో అమ్ముడయ్యే పసుపు బీర్లకంటే అది తక్కువ. నలుపు చెప్పేది గింజను ఎంత వేయించారన్న సంగతి ఒక్కటే. మిగతాదంతా ముక్కూ నాలుకా తేల్చాలి. స్టౌట్‌ను రుచి చూడటమంటే గ్లాసులో తగిలే ప్రతి గుణానికీ తయారీలో ఉన్న కారణాన్ని పట్టుకోవడం.

గింజలోనే మర్మం

18వ శతాబ్దపు లండన్‌లో వీధుల్లో, రేవుల్లో బరువులు మోసే కూలీలు ఇష్టంగా తాగిన ముదురు గోధుమరంగు బీరు పోర్టర్. అందులో చిక్కని, బలమైన రకమే తర్వాత స్టౌట్ అయింది. మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీని మాల్టు అంటారు. దాన్ని తిరిగే డ్రమ్ములో నల్లగా వేయించే పద్ధతికి 1817లో డేనియల్ వీలర్ పేటెంటు తీసుకున్నాడు. దాంతో తయారీదారులు ఎక్కువ భాగం లేతరంగు మాల్టే వాడి, రంగుకూ ఘాటుకూ కొద్దిగా నల్లమాల్టు కలపసాగారు. నేటి ఐరిష్ స్టౌట్‌కు ప్రాణం మొలకెత్తించకుండా వేయించిన బార్లీ. కాఫీని గుర్తుచేసే ఆ పొడి చేదు దాన్నుంచే వస్తుంది. బార్లీ అయినా కాఫీ గింజ అయినా, వేయించేటప్పుడు చక్కెరలూ అమైనో ఆమ్లాలూ వేడికి కలిసి ఒకే కుటుంబానికి చెందిన పరిమళ పదార్థాలను పుట్టిస్తాయి.

మిల్క్ స్టౌట్‌లో లాక్టోజ్ వేస్తారు. బీరు ఈస్టు ఆ పాలచక్కెరను పులియబెట్టలేదు కనుక తీపి మిగులుతుంది. ఓట్స్ చేరిస్తే నునుపు వస్తుంది. లండన్‌లోని థ్రేల్ బ్రూవరీ రష్యా రాజాస్థానానికి పంపిన గాఢమైన స్టౌట్ నేటి ఇంపీరియల్ స్టౌట్‌కు పూర్వీకురాలు. అందులో ఆల్కహాల్ సాధారణంగా 8 నుంచి 12 శాతం. అందుకే ముందుగా తేల్చుకోవలసింది ఇది ఏ రకం స్టౌట్ అన్నది. ఐరిష్ స్టౌట్‌లో తీపి లోపం. మిల్క్ స్టౌట్‌లో అదే గుణం.

చూసే వరస

గ్లాసుకు సబ్బు గానీ జిడ్డు గానీ అంటి ఉండకూడదు. ఉంటే నురగ నిలవదు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే తాగితే చల్లదనం వాసనలను అణిచేస్తుంది. 10 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ మధ్య స్టౌట్ తన వాసన బయటపెడుతుంది. పోయగానే నురగ రంగు, ఎంతసేపు నిలిచిందన్నది గమనించి, ఆలస్యం చేయకుండా వాసన చూడాలి. తేలికగా ఆవిరైపోయే పరిమళాలు ముందే వెళ్లిపోతాయి. చిన్నచిన్న పీల్పులు తీసుకుని, గ్లాసును తిప్పి మళ్లీ చూడాలి. కాఫీ, కోకో, కాలిన బెల్లం, ఎండుద్రాక్ష వంటివి విడివిడిగా తెలుస్తాయి.

తర్వాత చిన్న గుక్క. బీరు నోరంతా పరుచుకునేలా ఒక్క క్షణం ఆపి మింగాలి. వైన్ పరీక్షకుల్లా ఉమ్మేస్తే చివరి చేదు, వెనకరుచి పూర్తిగా అందవు. మొదట తీపి ఎంత, మధ్యలో వేపుడు రుచి ఎంత, చివర హాప్స్ అనే పువ్వుల చేదు ఎంత, ఇవి ఒకదాన్నొకటి మింగేయకుండా ఉన్నాయా అని చూడాలి. గుక్కకూ గుక్కకూ మధ్య మంచినీళ్లు, ఉప్పూకారం లేని బ్రెడ్డు ముక్క ఉంటే చాలు.

నైట్రోజన్‌తో అందించే స్టౌట్‌కు కొలత వేరు. గిన్నిస్‌లో మైఖేల్ యాష్ బృందం కృషితో 1959లో ఈ పద్ధతి వచ్చింది. నైట్రోజన్ బుడగలు బాగా చిన్నవి. నురగ చిక్కగా నిలుస్తుంది, నాలుకపై చురుకు తగ్గుతుంది. అలాంటి స్టౌట్‌లో బుడగల జోరు లేదని మార్కులు తగ్గించకూడదు.

లోపం ఎక్కడ పుట్టింది?

వెన్న వాసన వస్తే డయాసిటైల్ అనే పదార్థం మిగిలిందని అర్థం. పులియడం ముగిశాక దాన్ని తిరిగి పీల్చుకోవడానికి ఈస్టుకు సమయం చాలి ఉండదు. తడిసిన అట్టపెట్టె వాసన ఆక్సిజన్ చొరబడిందని చెబుతుంది. చేదుకూ వగరుకూ తేడా తెలియడం మరీ ముఖ్యం. ఎక్కువసేపు మరిగిన టీలా నోరు పిడచగట్టిస్తే అది వగరు. గింజల పొట్టు నుంచి టానిన్లు ఎక్కువగా దిగాయన్నమాట. వేపుడు రుచి స్టౌట్‌కు అందం, బూడిద రుచి మాత్రం లోపం. వెనిల్లా, కొబ్బరి, బర్బన్ పీపాల వాసన దట్టించిన క్రాఫ్ట్ స్టౌట్ల విషయంలో ఒక్క ప్రశ్న వేసుకోవాలి: ఆ అలంకారం కింద స్టౌట్ ఉందా?

అమెరికాలో 1985లో మొదలైన బీరు న్యాయనిర్ణేతల కార్యక్రమం బీజేసీపీ మొత్తం 50 మార్కుల్లో వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటి స్పర్శకు 5, మొత్తంమీది అభిప్రాయానికి 10 కేటాయిస్తుంది. అంత పేరుపడ్డ నలుపుకు దక్కేది ఆ మూడు మార్కుల్లో కొంత వాటా మాత్రమే.

ఈ విద్య విలువ గ్లాసుతో ఆగలేదు. బార్లీ, హాప్స్ నాణ్యతను కొద్దిపాటి నమూనాలతో ఎలా తేల్చాలన్న సమస్యను గిన్నిస్ ఉద్యోగి విలియం గాసెట్ ఎదుర్కొన్నాడు. 1908లో ‘స్టూడెంట్’ అన్న కలంపేరుతో ఆయన ప్రచురించిన పరిష్కారమే నేడు గణాంకశాస్త్రంలో అందరూ నేర్చుకునే టీ-పరీక్షకు మూలం. నాణ్యతపై శ్రద్ధ శాస్త్రాన్నే ముందుకు నడిపింది.

తాగే అలవాటున్న పెద్దలకు ఒక మాట. పరీక్షకు అరగ్లాసు కూడా అక్కర్లేదు. కొద్దిగా పోసుకుని, తొందరపడకుండా, తోచింది కాగితంపై రాయండి. చల్లదనం పోయాక మళ్లీ ఒక గుక్క వేయండి. చల్లదనం దాచిన లోపాలు అప్పుడే బయటపడతాయి. అప్పటికీ బాగున్న స్టౌటే మంచి స్టౌట్.