పెట్టె మారినా తీగ తెగకూడదు

తొంభైల్లో వీడియో గేమ్ షాపుల చుట్టూ తిరిగిన తెలుగు తరానికి ‘ముస్తఫా’ అంటే ఒక ఆట. దాని అసలు పేరు ‘కాడిలాక్స్ అండ్ డైనోసార్స్’ అనీ, 1993లో జపాన్ సంస్థ క్యాప్‌కామ్ దాన్ని తెచ్చిందనీ చాలామందికి ఆ తర్వాతెప్పుడో గాని తెలియలేదు. ఆ తరంవాళ్లు కొందరు ఇప్పుడు కువైట్‌లో, మహబూలా ఫ్లాట్లలో కాపురం ఉంటున్నారు. అలాంటివారికి అల్ రాయ్‌లోని శుక్రవారం సంతలోనో, మూతపడిన ఆటల హాలు సామాన్లలోనో ఒక పాత ఆర్కేడ్ పెట్టె దొరికితే, దాన్ని ఉన్నదున్నట్టు బాగుచేయాలా, లోపలి సరుకంతా తీసేసి చిన్న కంప్యూటరూ ఎల్‌సీడీ తెరా బిగించాలా అన్న చిక్కు వస్తుంది. అభిమానం ఉన్నవాళ్లు మొదటిదంటారు, అవసరం చూసేవాళ్లు రెండోదంటారు. కానీ జవాబు మన ఇష్టంలో కాదు, ఆ పెట్టె పుట్టుకలో ఉంది.

మార్చడమే అపచారమనుకుంటే ఆర్కేడ్ చరిత్రే ఒప్పుకోదు. నింటెండో 1980లో చేసిన ‘రాడార్ స్కోప్’ అమెరికాలో ఆడలేదు. పంపిన మూడు వేల పెట్టెల్లో దాదాపు రెండు వేలు మిగిలిపోయాయి. మరుసటి ఏడాది వాటి లోపలి భాగాలు మార్చి, కొత్త బొమ్మలు అతికించి దింపిన ఆటే ‘డాంకీ కాంగ్’. 1985లో వచ్చిన జామా ప్రమాణం ఈ మార్పిడినే పద్ధతిగా చేసింది: 56 కాళ్ల ఒకే కనెక్టరుకు ఆ ప్రమాణంతో చేసిన ఏ ఆట బోర్డయినా తగిలించవచ్చు. అందుకే జామా పెట్టెలో ఆట మార్చడం దాని స్వభావాన్ని గౌరవించడమే. ‘పాక్‌మాన్’ లాంటి ఒక్క ఆట కోసమే పుట్టిన పెట్టె సంగతి వేరు. దాని పక్క పలకల బొమ్మలు, మీటల అమరిక, చివరికి తెర మీద చెరగని మచ్చగా మిగిలిన ఆ చిక్కుదారి కూడా చరిత్రలో భాగాలే. దాన్ని కోస్తే ఒక సాక్ష్యం పోతుంది.

పెట్టె ఏ రకమో తేల్చాక చేతిపని మొదలవుతుంది. కువైట్ కరెంటు 240 వోల్టులు. జపాన్, అమెరికా పెట్టెలు చాలావరకు 100, 120 వోల్టులవి కాబట్టి ముందు ట్రాన్స్‌ఫార్మర్ చూసుకోకుండా ప్లగ్ పెట్టకూడదు. సముద్రపు తేమకు రంపపుపొట్టు పలక అడుగు నుంచి ఉబ్బుతుంది, గాలిదుమ్ము బోర్డుల మీద పేరుకుంటుంది. పిక్చర్ ట్యూబ్‌లో 20,000 వోల్టులదాకా నిలవ ఉండొచ్చు కనుక దాన్ని విడుదల చేయడం తెలిసినవాడే ముట్టుకోవాలి. వంకరపోయిన బొమ్మకు ఎక్కువసార్లు కారణం ఎండిపోయిన కెపాసిటర్లే, అవి మారిస్తే తెర మళ్లీ లేస్తుంది. ‘ముస్తఫా’ బోర్డులోనే ఒక బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే ధ్వని ప్రోగ్రామును విప్పే రహస్య సంకేతం చెరిగిపోతుంది, బోర్డు మూగబోతుంది. సమయానికి బ్యాటరీ మార్చడం కూడా ఈ విద్యలో భాగమే.

ఇంత శ్రమ దేనికి, కంప్యూటర్లో వేల ఆటలు వస్తాయి కదా అన్న అభ్యంతరం న్యాయమైనదే. 1997లో నికోలా సాల్మోరియా మొదలుపెట్టిన మేమ్ ఎమ్యులేటర్ ఎన్నో ఆటలను నాశనం కాకుండా కాపాడింది. కానీ మేమ్ కాపాడేది ప్రోగ్రామును. మీట బిగువు, గాజు తెర మెరుపు, నిలబడి ఆడే ఎత్తు దాని చేతిలో లేవు. పైగా ఈ రెండింటికీ మధ్యదారి ఉంది. జె-ప్యాక్ లాంటి చిన్న బోర్డుతో పాత తీగల కట్టను ఒక్క చోట కూడా కోయకుండా కంప్యూటరును జామా కనెక్టరుకే తగిలించవచ్చు. ట్యూబ్ నిజంగా చనిపోతే ఎల్‌సీడీ పెట్టినా, పాత చట్రాన్ని, బోర్డులను పారేయక దాచాలి. ఆర్కేడ్‌కు సరిపోయే కొత్త ట్యూబుల తయారీ దాదాపు ఆగిపోయింది కాబట్టి బాగున్న ట్యూబును తీసేయడం మాత్రం పొరపాటే.

తీగ కోయకూడదు, పాత భాగాలు పారేయకూడదు అన్న ఈ నియమానికి మహబూలాలో మరో కారణం ఉంది. అక్కడ కాపురాలు వీసాల లెక్కన సాగుతాయి. ఈ రోజు పెట్టె కొన్నవారే నాలుగేళ్లకు ఊరికి బయలుదేరుతారు, పెట్టె ఇంకొకరి గదికి చేరుతుంది. కోయని తీగ, దాచిన బోర్డు ఉంటే ఆ కొత్తవారు తమ నిర్ణయం తాము చేసుకోగలరు. కోసేస్తే ఆ నిర్ణయం మనమే వారి తరఫున, వారిని అడగకుండా చేసేసినట్టు.