పాట అందరిది, కథ ఒకరిది: కమ్యూనిటీ రేడియో - అచ్చంపేట ప్రాంత కిన్నెర గానం

జానపద గేయాలను గాయకుల దృష్ట్యా రెండు తెగలుగా చూడవచ్చు. నాట్లలో, కలుపుల్లో, పండుగల్లో పదిమంది కలిసి పాడుకొనేవి ఒక తెగ. ఒక కులం వృత్తిగా స్వీకరించి, ప్రతిఫలం పొంది, వినేవారి ఎదుట గానం చేసే కథాత్మక గేయాలు మరొక తెగ. మొదటి తెగలో పాడేవారు, వినేవారు వేరు కారు. రెండవ తెగలో ఆ ఇద్దరి మధ్య నిర్దిష్టమైన సామాజిక సంబంధం, దానితోపాటు ఒక ఆర్థిక సంబంధం ఉంటాయి. కమ్యూనిటీ రేడియో గురించిన చర్చలు ఈ భేదాన్ని అంతగా పట్టించుకోక, రెండింటినీ ‘స్థానిక సంగీతం’ అనే ఒకే పేరుతో వ్యవహరిస్తున్నాయి. జహీరాబాద్ ప్రాంతపు సంఘం రేడియోను, అచ్చంపేట ప్రాంతపు పన్నెండు మెట్ల కిన్నెరను పక్కపక్కన ఉంచి చూస్తే ఈ ఏకీకరణలోని లోపం స్పష్టమవుతుంది.

వాయు తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు కమ్యూనిటీ రేడియోకు పునాది. 2002లో విద్యాసంస్థలకు లభించిన అనుమతిని 2006 నవంబరులో కేంద్రప్రభుత్వం స్వచ్ఛంద సంస్థలకూ విస్తరించింది. ప్రసార శక్తి సాధారణంగా 100 వాట్లకు, స్తంభం ఎత్తు 30 మీటర్లకు పరిమితం. కార్యక్రమాల్లో కనీసం సగం స్థానికంగా రూపొందాలి. వీలైనంతవరకు స్థానిక భాషలోనో మాండలికంలోనో ఉండాలి. అంటే ఈ మాధ్యమానికి చిన్న పరిధి ఒక లోపం కాదు, లక్షణం. మాట ఎవరిదో, ఎవరి కోసమో తెలిసి ఉండటమే దాని బలం.

ఈ బలం పూర్తిగా వ్యక్తమైన ఉదాహరణ సంఘం రేడియో. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆధ్వర్యంలో, అప్పటి మెదక్ జిల్లా మాచనూరులో, 2008 అక్టోబరు 15న దీని ప్రసారాలు మొదలయ్యాయి. 1995 నాటి తీర్పు వెలువరించిన న్యాయమూర్తుల్లో ఒకరైన జస్టిస్ పి.బి. సావంత్ దానిని ప్రారంభించారు. లైసెన్సు రావడానికి పదేళ్ల ముందే అక్కడి దళిత మహిళలు కార్యక్రమాలను ధ్వనిముద్రించి, క్యాసెట్ల ద్వారా సంఘం సమావేశాల్లో వినిపించారు. విత్తనాలు, చిరుధాన్యాలు, నాటువైద్యం గురించిన మాటలతోపాటు ఆ ప్రాంతపు స్త్రీల పాటలకూ ఈ రేడియోలో స్థానం దక్కింది. ఏటా సంక్రాంతి వేళ మొదలై ఊరూరా సాగే పాత పంటల జాతరలో ఎడ్లబండ్ల వెంట నడిచే స్త్రీల గొంతులు, రేడియోలో వినిపించే గొంతులు ఒక సమూహానివే.

ఈ విజయానికి కారణాలు రెండు. మొదటిది, రేడియో రాకముందే సంఘం ఉంది. సముదాయాన్ని రేడియో నిర్మించలేదు. ఉన్న సముదాయానికి అది గొంతునిచ్చింది. రెండవది, అక్కడ ప్రధానంగా ప్రసారమైనది మొదటి తెగ పాట. నాటుపాట పాడిన స్త్రీ పొలంలో దానికి వేరుగా ప్రతిఫలం అడగదు, రేడియోలోనూ అడగదు. అందువల్ల ప్రసారం పాటలోని సామాజిక సంబంధాన్ని మార్చలేదు, విస్తరించింది.

ఇదే నమూనాను నల్లమల అంచునున్న అచ్చంపేట ప్రాంతానికి అన్వయించినప్పుడు స్థితి వేరుగా ఉంటుంది. అడవి నడుమ విసిరేసినట్టున్న చెంచు పెంటలు నీటి నడుమ దీవులను తలపిస్తాయి. కొండలు అడ్డు వచ్చే ఈ నేలపై 100 వాట్ల ఎఫ్.ఎం. తరంగం మైదానంలో వలె సాగదు. చైత్ర పౌర్ణమికి లింగాల మండలపు అడవిలో జరిగే సలేశ్వరం జాతరలో యాత్రికులు దారి పొడుగునా లింగమయ్యను పిలుస్తూ నడుస్తారు. ఆ పిలుపు అందరిదీ. దానిని రేడియో నిరాటంకంగా స్వీకరించగలదు. అదే లింగాల మండలంలోని అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య కిన్నెర గానం అటువంటిది కాదు.

వెదురుకర్ర, ఎండిన సొరకాయ బుర్రలు, మైనంతో అతికించిన మెట్లు గల ఈ వాద్యం డక్కలి కళాకారులది. డక్కలివారు మాదిగలకు ఆశ్రిత కులం. కులపురాణం చెప్పడం వారి వృత్తి. మిరాశి గ్రామాలకు వెళ్లి గానం చేసి ప్రతిఫలం పొందడం వారి హక్కు. పాలమూరు ప్రాంతపు పండుగ సాయన్న, మియాసాబ్ వంటి వీరుల కథలు కూడా కిన్నెరపై పలికాయి. ఈ గానంలో వినేవాడు కేవలం శ్రోత కాదు. అతడు దాత, కథలోని ఊళ్ల పేర్లు ఎరిగినవాడు, కొన్నిసార్లు కథానాయకుని వారసుడు.

ఈ గానం బయటి ప్రపంచానికి చేరిన తీరు పరిశీలించదగినది. 2021 సెప్టెంబరులో విడుదలైన ‘భీమ్లా నాయక్’ చిత్రగీతపు ఎత్తుగడ మొగులయ్య గొంతులో వినిపిస్తుంది. వీరగాథలో నాయకుని పుట్టుక, వంశం చెప్పే భాగానికి అది అనుకరణ. సంప్రదాయంలో వంశకీర్తన కథకు ద్వారం; సినిమాలో ద్వారం మాత్రమే ఉంది, దాని వెనుక ఇల్లు లేదు. 2022లో కేంద్రం పద్మశ్రీ ప్రకటించింది; రాష్ట్రప్రభుత్వం కోటి రూపాయలు, ఇంటిస్థలం ప్రకటించింది. 2024లో ఆయన కూలిపనికి వెళ్తున్నట్లు పత్రికల్లో వార్తలు వచ్చాయి. సినిమా కథలోని ముక్కను తీసుకొంది. పురస్కారం వ్యక్తిని గౌరవించింది. గానం జీవనోపాధిగా నిలిచే ఏర్పాటు ఈ రెండింటి వల్లా కలగలేదు.

కమ్యూనిటీ రేడియో ఆ ఏర్పాటు చేయగలదా? కొంతవరకు చేయగలదు. సినిమా ఇవ్వలేని వ్యవధిని అది ఇవ్వగలదు. పూర్తి కథను రోజుకొక భాగంగా వినిపించగలదు. మాండలికాన్ని సవరించవలసిన అగత్యం దానికి లేదు. కానీ దాని ఆర్థికసూత్రం స్వచ్ఛంద భాగస్వామ్యం. నాటుపాటకు సరిపోయే ఈ సూత్రం వృత్తిగాయకునికి నష్టం కలిగిస్తుంది. మిరాశిలో గాయకుడు మళ్లీ రావడమే అతని ఆదాయం. ధ్వనిముద్రణ జరిగిన తరువాత కథ అతడు లేకుండానే వస్తుంది. ‘సముదాయపు సొత్తు’ అనే గౌరవపదం ఇక్కడ ఒక కుటుంబపు పనితనాన్ని ఉచితంగా తీసుకోవడానికి సమర్థనగా మారే ప్రమాదముంది.

మిరాశి వ్యవస్థలో కులపరమైన అవమానం ఉంది కదా, అది పోవడం మేలే కదా అనే ఆక్షేపణ రావచ్చు. అది సహేతుకమే. యాచనగా చూడబడిన ఆ సంబంధాన్ని పునరుద్ధరించవలసిన అవసరం లేదు. అయితే గానం ఒక పని, దానికి ప్రతిఫలం ఉంది అనే గుర్తింపు కూడా ఆ వ్యవస్థలోనే ఉంది. అవమానంతోపాటు ఈ గుర్తింపును కూడా తొలగిస్తే మిగిలేది చప్పట్లు మాత్రమే.

కనుక అచ్చంపేట వంటి ప్రాంతంలో కమ్యూనిటీ రేడియో విధానం పాట స్వభావాన్నిబట్టి మారవలసి ఉంటుంది. అందరి పాటకు అందరి భాగస్వామ్యం చాలు. వృత్తిగాయకుని కథకు గానం చేసిన ప్రతిసారీ పారితోషికం, పునఃప్రసారానికి వేరుగా రుసుము, ఏ భాగాన్ని ప్రసారం చేయవచ్చో నిర్ణయించే అధికారం గాయకునికి ఉండాలి. ముద్రణ స్టూడియోలో గాక ఊరిలో, వినేవారి నడుమ జరిగితే వారి స్పందన కూడా గానంలో భాగంగా నిలుస్తుంది. ప్రసారమైన కథ విన్న ఊరు గాయకుని పిలిపించుకొనేలా జాతరలను, రేడియోను అనుసంధానించవచ్చు. అప్పుడు రేడియో కిన్నెరకు బదులుగా నిలవక, దానికి దారి చూపుతుంది. జానపద విజ్ఞానం గేయాలను వర్గీకరించడంతో ఆగక, ఆ వర్గీకరణ గాయకుని బతుకులో తెచ్చే భేదాన్ని కూడా ప్రసార విధానకర్తల దృష్టికి తేవలసి ఉంది.